సగం చీరలో చివరి జాన

మా తమ్ముడు గోపాలు ధర్మవరం నుంచి ఫోన్ చేసినప్పుడు నేను హిందూపురంలో మా ఇంటి వెనక వసారాలో కూచుని చింతపండు ఈనెలు తీస్తూ ఉన్నాను. బళ్ళో పాఠాలు చెప్పేది మానుకుని పదేళ్ళయినా నా చేతులకు ఊరికే ఉండటం చాతకాదు. "అక్కా, నాయన మగ్గం తీసేస్తాండాం. గుంత పూడ్చి బండలు పరిపిస్తే ఆడ అమ్మ మంచం వేయొచ్చు, గాలీ వెలుతురూ బాగుంటాది" అన్నాడు. మంచిదే కదప్పా, ఎప్పుడో చేయాల్సిన పని, అన్నాను. వాడు దగ్గాడు. మా తమ్ముడు దగ్గితే దాని వెనక ఇంకో మాట ఉంటుంది, చిన్నప్పట్నుంచీ అంతే. ఈసారీ అంతే: "అమ్మ పెట్టెలోనుంచి ఆ సగం చీర తీయించుకోని ఒళ్ళో పెట్టుకోని కూచోనుండాది. నేను పోయినప్పుడు మా పెద్దోడు నేసిన చివరి జాన నా మొగం మీద కప్పండి, మిగిలింది ఏమన్నా చేసుకోండి అంటాండాది. నన్ను ముట్టుకోనీలేదు. పాప వచ్చి కత్తిరించల్లంట."

పాప అంటే నేనే. అరవై ఎనిమిదేళ్ళు వచ్చినా మా అమ్మకు నేను పాపనే. ఆ పెద్దోడు మా రామాంజి అన్న. వాలీబాల్ ఆడేదానికి నెలనెలా జీతమిచ్చి బెంగుళూరులో ఒక ఫ్యాక్టరీ పిలుచుకుపోయిన మనిషి. ఆ జీతం వదిలిపెట్టి మిలిట్రీలో చేరి, ఎక్కడో మంచుకొండల్లో కాపలా కాస్తూ జారిపడిన మంచు కింద చిక్కుకుని పోయిన మనిషి. ఇప్పటికి యాభై ఏళ్ళు దాటింది. ఇంటికి శవం రాలేదు. ఆ కాలంలో అంత దూరం నుంచి తెచ్చేవాళ్ళు కాదు, అక్కడే దహనం చేసి బూడిద పంపేవాళ్ళు. కడసారి మొహం కూడా చూసుకోలేకపోయిన మా అమ్మకు, వాడు సగం నేసి వదిలిన ఆ చీరే కొడుకైంది. దాని చివరి జాన మీద చెయ్యి పెట్టుకుని ఇన్నేళ్ళూ ఏడ్చింది, మాట్లాడింది, ఒక్కోసారి తిట్టింది కూడా. నాకొచ్చిన కష్టమేమంటే, ఆ చివరి జాన మా అన్న నేసింది కాదు. నేను నేసింది. ఈ సంగతి ఇంతవరకూ నేను ఎవరికీ చెప్పలేదు.

మరుసటి రోజు పొద్దున పాసింజరు ఎక్కి కిటికీ పక్కన కూచున్నాను. ఈ దారిలో బండి ఎక్కితే నాకు సగం నిద్ర, సగం మెలకువగా ఉంటుంది. కళ్ళు మూస్తే పాతకాలం, తెరిస్తే ఇప్పటి కాలం. ఎర్రమంచి దగ్గర కళ్ళు తెరిస్తే కార్ల ఫ్యాక్టరీ, వరసగా నిలబెట్టిన కొత్త కార్లు, అన్నీ ఒకే తెలుపు. మూస్తే అక్కడ ఉలవ చేను, చేను గట్టున మా అవ్వ. అవ్వ అంటే నాయన తల్లి, రొద్దం పక్క గొర్రెలు కాసేవాళ్ళ ఇంట్లో పుట్టి పెరిగి నేతగాళ్ళ ఇంటికి కోడలై వచ్చింది, ఆ పెండ్లి ఎట్లా కుదిరిందో మా ఇంట్లో ఎవరూ సరిగ్గా చెప్పరు. ఆమె భుజాన ఎప్పుడూ నల్ల గొంగడి ఉండేది. ఎండాకాలంలో ఎందుకే అవ్వా అంటే, "చలి తోలేదానికి, ఎండ తోలేదానికి, మీ అట్లాటోళ్ళను తోలేదానికీ" అనేది. డబ్బులకు దుడ్లు అని, చాలు అనేదానికి సాకు అని, సగం మాటలు కన్నడంలోనే నడిపేది. పెనుకొండ కొండ కనిపించగానే బండిలో ఉన్నా, బండిలో లేకపోయినా ఆ దిక్కుకు చేతులెత్తి దండం పెట్టేది. ఈసారి నేనూ పెట్టాను. ఎదురుగా కూచున్న కాలేజీ పిల్ల ఫోనులోంచి తలెత్తి నన్ను చూసి, మళ్ళీ ఫోనులోకి పోయింది.

ధర్మవరంలో మా ఇల్లు మూడు గదుల ఇల్లు. అందులో ముందు గది మనుషులది కాదు, మగ్గాలది. రెండు గుంత మగ్గాలు ఎదురెదురుగా ఉండేవి, ఒకటి నాయనది, ఒకటి అన్నది. మేం మగ్గాల మధ్య నుంచి ఒళ్ళు ముడుచుకుని నడిచేవాళ్ళం. చుట్టాలొచ్చినా అరుగు మీదే కూచోవాలి. తెల్లారే ముందే పెరట్లో పచ్చి పట్టు ఉడుకుతా ఉండేది, సబ్బు నీళ్ళ వాసన, దాని కింద ఇంకేదో పురుగు వాసన. ఆ వాసన మా బట్టల్లో, అన్నంలో, జడల్లో ఉండేది. బళ్ళో పిల్లలు ముక్కు మూసుకుంటే నాకు కోపం వచ్చేది గానీ, ఇప్పుడు ఆ వాసన ఎవరైనా సీసాలో పోసి ఇస్తే దిండు కింద పెట్టుకుంటాను. నాయన స్నానం చేసి, విబూది పెట్టుకుని, మగ్గం మీద రెండు చేతులూ ఆనించి కళ్ళకు అద్దుకుని, అప్పుడు గుంతలోకి కాళ్ళు దించేవాడు. గుంతలోకి చెప్పులతో దిగకూడదు, తినేది ఏదీ దించకూడదు, ఏడుస్తా అసలే దిగకూడదు. తర్వాత ఇక చప్పుడే. పొద్దంతా ఆ చప్పుడు, మధ్యలో ఆగితే మేం పనులు మానుకుని తలలెత్తి చూసేవాళ్ళం, ఏమైందో అని. అమ్మ రాట్నం తిప్పి కండెలు చుట్టేది. పాడుతూ చుట్టేది. పాట మొదలూ ఉండదు, చివరా ఉండదు, మధ్యలోనే ఎత్తుకుని మధ్యలోనే వదిలేసేది.

నేతగాళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. ఒక చీరకు ఒకే చెయ్యి. మొదలుపెట్టినవాడే ముగించాలి. ఎందుకంటే మగ్గం మీద పేకను, అంటే అడ్డం పోగును, దగ్గరికి కొట్టే దెబ్బ ఒక్కొక్కరిది ఒక్కో తీరు. ఒకరిది బరువు, ఒకరిది తేలిక, ఒకరు ఆకలిగా ఉన్నప్పుడు ఒక రకం. మధ్యలో మనిషి మారితే ఆ మారిన చోట చీరకు అడ్డంగా ఒక గీత పడుతుంది. కంటికి కనపడకపోయినా వెలుతురుకు పట్టి చూస్తే తెలుస్తుంది, వేలితో తడిమితే ఇంకా బాగా తెలుస్తుంది. "చెయ్యి మారింది" అంటారు. చెయ్యి మారిన చీరను కొనేవాడు పక్కన పెట్టేస్తాడు. మా నాయన కళ్ళు మూసుకుని బట్ట మీద వేలు నడిపి, ఇది ఫలానా వీధి ఫలానావాడిది, వాడికి మొన్న జ్వరం వచ్చినట్లుంది, అనేవాడు. అన్నకూ ఆ విద్య వచ్చింది. నాకు రాలేదు, నాకు ఎవరూ నేర్పలేదు కూడా. ఆడపిల్లలకు కండెలు చుట్టేది, పోగులు అతికేది ఉన్నాయి కదా, గుంతలోకి దిగే పనేముంది అనుకునేవాళ్ళు. అయినా ఎవరూ లేనప్పుడు దిగేదాన్ని. ఒకసారి అన్న పట్టుకున్నాడు. నేను నేసిన రెండు వేళ్ళ వెడల్పు గుడ్డ తడిమి, "ఏం పాపా, పేక కొడతాండావా, ఈగలు తోలుతాండావా?" అన్నాడు. నేనే కూచుని ఆ రెండు వేళ్ళూ విప్పాల్సొచ్చింది.

అన్న పొడుగు. మా ఇంట్లో ఎవరూ అంత పొడుగు లేరు, అవ్వ వైపు నుంచి వచ్చిందనేవాళ్ళు. గుంతలో కూచుంటే మోకాళ్ళు పైకొచ్చేవి, అందుకే వాడి గుంత ఒక జాన ఎక్కువ లోతు తవ్వించారు. పొద్దంతా కుడిచేత్తో, పేకను అటూ ఇటూ పరిగెత్తించే నాడె తాడు లాగి లాగి వాడి భుజం ఇనుమైపోయింది. సాయంత్రం రైలు కట్ట అవతల మైదానంలో ఆ భుజంతోనే బాలు కొట్టేవాడు. తెగిన మగ్గం తాళ్ళన్నీ ఏరి, అతికి, వలగా అల్లింది ఎవరనుకున్నారు, మా నాయన. ఆటంటే పని దొంగలకు అని రోజూ తిట్టే మనిషే, ఒకరోజు వల తెచ్చి వాడి ముందు పడేసి పోయాడు. అన్న గాల్లోకి ఎగిరితే ఒక్క క్షణం అక్కడే ఆగినట్టు ఉండేది. నేను కట్ట మీద కూచుని చెనిక్కాయలు వలుచుకుంటా చూసేదాన్ని. పడమర ఎర్రగా ఉండేది, పొగబండి పోతే ఆ పొగలో మనుషులు కనపడేవాళ్ళు కాదు, బాలు మాత్రం పైకి లేచి కనపడేది. పొగ పోయేసరికి అన్న జట్టు ఒక పాయింటు గెలిచి ఉండేది. పొగలో ఏం జరిగిందో మాత్రం నాకు తెలిసేది కాదు.

అలాంటి ఆటలో ఎవరో చూసి, బెంగుళూరు ఫ్యాక్టరీవాళ్ళు వాడిని తమ జట్టులోకి తీసుకున్నారు. పేరుకు ఏదో పని, నిజానికి పొద్దునా సాయంత్రం ఆట. ఊళ్ళోవాళ్ళకు ఇది వింత. మా నాయన అడిగాడు: "ఆడినందుకు జీతమా? ఓడిపోతే కోసుకుంటారా?" అన్న నవ్వి, "ఓడిపోతే అన్నం పెట్టరు నాయనా" అన్నాడు. నిజమనుకుని అమ్మ ఆ వారమంతా వాడి జట్టు గెలవాలని మొక్కుకుంది. పేపర్లో వాడి బొమ్మ పడింది, అందులో వాడి మొహం లేదు, వల మీద రెండు చేతులు మాత్రమే ఉన్నాయి. అయినా అమ్మ ఇవి మావాని చేతులే అని వీధంతా చూపించి వచ్చింది. శనివారం సాయంత్రం బండికి దిగేవాడు. ఆదివారం పొద్దున ఎవరూ అడగకుండానే స్నానం చేసి తన మగ్గం గుంతలో కూచునేవాడు. అలిసిపోయుంటావు, పండుకోరా అంటే, "ఇది చేస్తేనే నాకు పండుకున్నట్లుంటాది" అనేవాడు. వాడిది బరువు దెబ్బ. ఆదివారాలు మా ఇంటి చప్పుడే మారిపోయేది, పెరట్లో ఉన్నా నాకు కళ్ళు మూసుకున్నా తెలిసేది, ఇది అన్న, ఇది నాయన అని.

హిందూపురంలో ఒక టోర్నమెంటు జరిగింది. ఇల్లంతా తాళం వేసి పోయాం, అవ్వ కూడా గొంగడి వేసుకుని వచ్చింది. ఫైనల్లో అన్న జట్టు మీద మిలిట్రీ జట్టు ఆడింది. అన్నవాళ్ళే గెలిచారు. గెలిచినాక అన్న అవతలి జట్టువాళ్ళతో కూచుని చాలాసేపు మాట్లాడాడు. బెల్లం మండీల పక్కనుంచి స్టేషనుకు నడుస్తుంటే గాలి తియ్యగా ఉంది. ప్లాట్‌ఫారం మీద అన్నాడు, "అమ్మా, నేను మిలిట్రీలో చేరతా." అమ్మ, "యాలప్పా, ఈడ ఏం తక్కువైంది?" అంది. "తక్కువేం లేదు. ఆటకు జీతం తీసుకుంటాంటే నాకు కూలి చేసినట్లే లేదు. తిన్నది అరగదు. వాళ్ళు ఆట ఆడతారు, పనీ చేస్తారు." ఇప్పుడు ఆ మాట ఎవరైనా అంటే పిచ్చోడంటారు, ఆటగాళ్ళు కోట్లకు అమ్ముడుపోయే కాలం. అప్పుడు మా నాయన మాత్రం తల ఊపాడు. ఒళ్ళు వంచకుండా తినేది నేతగాడికి నామోషీ, ఆ నామోషీని వాడికి ఉగ్గుపాలతో పోసింది నాయనే. అందుకే కాదనలేకపోయాడని నాకు తర్వాత అర్థమైంది. ఆయన మీద నాకు కొన్నాళ్ళు కోపం ఉండేది. ఇప్పుడు లేదు.

రెండేళ్ళు వాడు మిలిట్రీ జట్టులో ఆడాడు. ఆఖరి సెలవుకు వచ్చినప్పుడు ఒక చీర మొదలుపెట్టాడు. వంకాయ రంగు ఒళ్ళు, సన్న జరీ అంచు, బుటాలు లేవు. ఎవరికి అంటే అమ్మకు. జీవితమంతా పట్టు చుట్టిన మా అమ్మ ఒంటి మీద పట్టు లేదు, నేసింది నేసినట్టు గడప దాటిపోయేది. "నువ్వు చుట్టిన కండెలు, నేను కొట్టిన దెబ్బ, కొనేటోడు వచ్చినా చూపీద్దు" అన్నాడు. అమ్మ వద్దు వద్దంటూనే ఆ కండెలు ఎంత నున్నగా చుట్టిందో. సగం అయింది. అప్పుడు రమ్మని తంతి వచ్చింది. వాళ్ళ దళం పైకి, మంచులోకి పోతోంది. ఆటగాళ్ళు కింద ఉండిపోవచ్చంట, ఆ సంగతి వాడు మాకు చెప్పలేదు, తర్వాత వాడి స్నేహితుడు చెప్పాడు. పోయేరోజు గుంతలోంచి లేచి, నాడె కండెతో సహా పక్కన పెట్టి, మగ్గం మీద నాయన పాత పంచె కప్పాడు. "దీంట్లో ఎవురూ కూచోవద్దండి. వచ్చి ముగిస్తా" అన్నాడు. నా వైపు చూసి, "ముఖ్యంగా ఈగలు తోలేవాళ్ళు" అన్నాడు.

ఆ మాటే నన్ను గుంతలోకి దింపింది. నాకప్పుడు పదహారేళ్ళు. వాడు బండెక్కి పోయినాక నాలుగు నెలలూ నేను నాయన మగ్గం పక్కన నిలబడి దెబ్బను చెవితో నేర్చుకున్నాను. వాడి దెబ్బ నా చెవిలో ఎప్పుడూ ఉండేదే. నా పంతం ఏమంటే, వాడి చీరలో ఒక జాన నేస్తాను, వాడు వచ్చి వేలు నడిపి కూడా చెయ్యి మారింది అనలేకపోవాలి, అప్పుడు నేను చప్పట్లు కొట్టి చెప్పాలి. మంగళవారం మధ్యాహ్నం నాయన రంగులకని బజారుకు పోయాడు. పంచె తీసి గుంతలోకి దిగాను. నాకు అడుగు అందలేదు, గుంత లోతు కదా, పీట వేసుకుని కాళ్ళు చాపితే తొక్కుడు పలకలు అందాయి. వాడి అరికాళ్ళు అరగదీసిన నునుపు నా కాళ్ళకు తగిలింది. మెల్లగా మొదలుపెట్టాను. ఆయన మళ్ళీ బయటికి పోయినప్పుడు బుధవారం కొంచెం, గురువారం కొంచెం. పెరట్లో అమ్మ ఉంది, వినపడితే నాయన వచ్చాడనుకుంటుంది. మధ్యాహ్నపు ఎండ గవాక్షంలోంచి పడి, పట్టు మీద నీళ్ళలాగా కదులుతా ఉండేది. నా జీవితంలో అంత సంతోషంగా నేను ఏ పనీ చేయలేదు. జాన నిండగానే వేలితో తడిమి చూసుకున్నాను, నాకైతే గీత తెలియలేదు. పంచె మళ్ళీ కప్పేశాను.

శుక్రవారం పొద్దున తంతి వచ్చింది. ఇంగ్లీషులో ఉంది, నేనే చదివాను. నాయన నా మొహం చూసి మగ్గం ఆపేశాడు. ఆ చప్పుడు ఆగగానే అమ్మ చేతిలో చాట పట్టుకుని పెరట్లోంచి వచ్చింది. ఆ తర్వాత కొన్నాళ్ళు నాకు వరసగా గుర్తు లేవు. ఒక ట్రంకు పెట్టె, దాని మీద తెల్ల రంగుతో వాడి పేరు. ఒక చిన్న కుండ. ఇద్దరు సిపాయిలు, ఒకతను మా అరుగు మీద కూచుని మంచినీళ్ళు అడిగి, తాగలేక అట్లనే పట్టుకున్నాడు. అమ్మ ఆ కుండను ముట్టుకోలేదు. "దీంట్లో యాడుండాడు నా కొడుకు? మొగం చూపీండి" అంటుంది, అంతే. అవ్వ తన గొంగడి తెచ్చి అమ్మకు కప్పి పక్కనే కూచుంది, పదకొండు రోజులు. ఎండాకాలం. అమ్మ గొంగడి తీయలేదు.

పదకొండో రోజు నాయన కత్తెర తీసుకుని అన్న మగ్గం దగ్గరికి పోయాడు. మనిషి లేని మగ్గం మీద పడుగు, ఆ నిలువు పోగులు, ఉంచకూడదు. కోసే ముందు, అలవాటు చొప్పున కాబోలు, గుడ్డ మీద వేలు నడిపాడు. వేలు ఒకచోట ఆగింది. ఆయన తలెత్తి గది అంతా చూసి, గుమ్మంలో ఉన్న నన్ను చూశాడు. కోసి, మడిచి, అమ్మ చేతుల్లో పెట్టాడు. అమ్మ ఆ గుడ్డ చివర వెతికి పట్టుకుని మొహానికి ఆనించుకుంది. "ఇదే, ఇదే వాడు ఆఖరున కొట్టిన దెబ్బ" అంది. అప్పుడు ఏడ్చింది, అన్నాళ్ళకు మొదటిసారి. వీధి ఆడవాళ్ళు హమ్మయ్య అనుకున్నారు, ఏడవకపోతే మనిషి దక్కదని భయపడుతూ ఉన్నారు వాళ్ళు. ఆ జాన నాది అమ్మా అని నేను ఎట్లా చెప్పేది? ఎవరైనా చెప్పగలరా? ఆ ఏడాదే నాయన నన్ను టీచరు ట్రైనింగుకు పంపాడు. ఎందుకని అడిగితే, "నీకు మంచి చెయ్యి ఉండాది, సుద్దముక్క పట్టుకో" అన్నాడు. ఆయన కూడా ఆ సంగతి కడుపులో పెట్టుకునే పోయాడు.

ఇప్పుడు మా వీధిలో మా నాయనది తప్ప గుంతలు లేవు. కరెంటు మగ్గాలు అన్నీ ఒకే దెబ్బ కొడతాయి, చెయ్యి మారింది అనే మాటకే అర్థం లేదు. చీరలు బాగానే ఉన్నాయి, నేను కాదనను, నేత పనిలో మోకాళ్ళు పోయినవాళ్ళను చూసినదాన్ని, గుంతలు పూడితే ఏడ్చే రకం కాదు నేను. మైదానం ఉన్నచోట కల్యాణమండపం ఉంది. వాడి పేరు ఏ రాయి మీదా లేదు. వాడితో ఆడినవాళ్ళు ముగ్గురు మిగిలారు, బజార్లో కనపడితే "మీ అన్న కొట్టుడు కొడితే అవతలోడు చేతులు ఊపుకుంటా కూచునేటోడమ్మా" అంటారు. అంతకు మించి వాడు బతికుండేది మా అమ్మ వేళ్ళ కొనల్లోనే. అందుకే ఆటోలో ఇంటికి పోతున్నంతసేపూ చెప్పాలా వద్దా అని తూకం వేసుకుంటూనే ఉన్నాను. చెప్తే ఆమెకు మిగిలిందీ లాక్కున్నట్టు. చెప్పకపోతే వేరేవాళ్ళ చేతిని కొడుకు చెయ్యి అనుకుని కప్పుకుని పోతుంది. ఆ గుడ్డ కప్పాల్సిన చేతులు కూడా నావే.

నేను పోయేసరికి మగ్గం కట్టెలు అరుగు మీదికి చేరాయి, గుంత సగం మట్టితో ఉంది. అమ్మ పక్కనే కుర్చీలో చీర ఒళ్ళో పెట్టుకుని కూచుని ఉంది. తొంభై దాటింది, కళ్ళకు తెల్లపొర, మనిషి పిడికెడయింది. "వచ్చినావా పాపా, కాఫీ తాగి కత్తెర తీసుకో" అంది. కాఫీ తాగాను. గోపాలును బజారుకు పంపాను, ఏదో తెమ్మని. కత్తెర తీసుకుని ఆమె కాళ్ళ దగ్గర కూచున్నాను, కూచుని, ఇక ఆగలేక చెప్పేశాను. పాఠం చెప్పినట్టు మొదటి నుంచి చివరిదాకా చెప్పాను, ఈగలు, పంతం, పీట, అన్నీ. గుడ్డ మీద ఆమె చెయ్యి ఆగిపోయింది.

"యాభై ఏండ్లు నీ పేక తడివిస్తివే నా చేత" అంది. మొహం అటు తిప్పుకుంది. నేను తిట్టమ్మా అన్నాను. తిట్టలేదు. గుంతలో మట్టి వైపు చూస్తా కూచుంది, చూపు ఆనదు, అయినా. "ఎప్పుడు నేసినావు?" అంది.

"మంగళారం, బుధారం, బేస్తవారం. మధ్యానాలు."

"తంతి సుక్కురారం కదా వచ్చింది."

"ఊ."

"వాడు పోయింది?"

"సోమారం తెల్లారుజామున అని రాసిరి."

అమ్మ వేళ్ళు ముడిచి లెక్క చూసుకుంది. నాకు అప్పుడే, ఆ క్షణంలోనే తట్టింది. యాభై ఏళ్ళు నేను నా దొంగతనమే చూసుకున్నాను, ఈ రోజుల లెక్క ఒక్కసారి కూడా వేయలేదు. నేను వాడిని ఓడించాలని ఆ జాన నేస్తున్నంతసేపూ వాడు లేడు.

"ఆ మూడు దినాలు నేనేం చేస్తాంటి?" అంది అమ్మ.

గుర్తు తెచ్చుకుని చెప్పాను. "పెరట్లో ఉంటివి. అన్నకు పంపీల్లని చెనిక్కాయలు వేయించి, ఉండలు కడుతాంటివి. గోపాలు తింటాడని డబ్బా అటక మీద పెడితివి. పాడుతాంటివి."

"పాడుతాంటినా?"

"పాడుతాంటివి. నా దెబ్బకు నీ పాట సరిపోతాండె. అందుకే నాకు బాగా వచ్చె."

అమ్మ చీర అంచు పట్టుకుని కొన నుంచి వెనక్కి వేలు నడిపింది, మెల్లగా, జాన దూరం. ఆగి, "ఈడనా?" అంది. నేను తడిమి చూశాను. అదే చోటు.

"ఈడికే కత్తిరించు" అంది. "వాడు నేసింది మీకు ఉండనీ. ఆ మూడు దినాలూ వాడు యాడా లేడు, మనింట్లో మాత్రం బతికే ఉండాడు. నాకు ఆ జాన కావల్ల పాపా."

కత్తెర ఆ చోటుకు ఆనించాను. గుడ్డ వంకర పోకుండా అమ్మ రెండు చేతుల్తో అటూ ఇటూ పట్టుకుంది.